దింపుడు కల్లం దగ్గర పొట్టి గోడ

కొత్తగా ఇంజనీర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నల్గొండలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడం, మీ సర్వీసు మొత్తంలో మీరు కట్టిన గొప్ప పని ఏది?" అని అడుగుతారు. ఏ వంతెన పేరో, ఏ పెద్ద చెరువు తూము పేరో చెప్తానని ఆశగా చూస్తారు. నేను కట్టినవాటిలో నాకు తలచుకోబుద్ధయ్యేది ఒక గోడ. అదీ పూర్తి గోడ కాదు, గోడలో పొట్టిగా వదిలిన ఒక ముక్క. ఆ మాట చెప్పగానే పాపం వాళ్ల మొహాలు చప్పబడతాయి, రెండో బిస్కట్టు ముట్టరు. కానీ అడిగారు కాబట్టి వినక తప్పదు. రిటైరైనవాళ్ల ఇంటికి టీకి వస్తే ఆ మాత్రం శిక్ష ఉంటుంది.

ఆ గోడ ముక్క నా తెలివి కాదు. జడ్చర్ల నుంచి వచ్చిన ఒక ఆర్కిటెక్టు తెచ్చిపెట్టిన తంటా అది. ఆయన ఇప్పుడు లేడు. ఆయన గురించి చెప్పమంటే చాలామంది దండలు వేసినట్టు మాట్లాడతారు. నాకు దండలు వేయడం రాదు, ఆయనతో పోట్లాడటం మాత్రమే వచ్చు. అందుకని పిల్లలూ, జరిగింది జరిగినట్టు చెప్తాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఊరూరికీ ఒక వైకుంఠధామం కట్టాలని పని మొదలైంది. అప్పుడు నేను నకిరేకల్‌లో ఉన్నాను. నా కింద ఎన్నో ఊళ్లు, ఊరికో శ్మశానం. పొద్దున లేస్తే ఎక్కడ స్థలం దొరికింది, ఎక్కడ దొరకలేదు, ఎక్కడ కాల్చే గద్దెకు కాంక్రీటు పడింది అన్న మాటలే. నేను చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన పేపరు దించకుండానే, "ఇయ్యాల ఏ కాడు?" అని అడిగేవాడు. పెళ్లయిన కొత్తలో ఏ సినిమా అని అడిగిన మనిషే.

అన్ని ఊళ్లకూ ఒకటే టైపు డిజైను. ముందు గేటు, లోపల గద్దెలు, స్నానాల గది, కూర్చోవడానికి ఒక రేకుల షెడ్డు, చుట్టూ మనిషి ఎత్తు దాటిన ప్రహరీ. చావు అందరికీ ఒకటే కదా, డిజైనూ ఒకటే. నాకు అందులో అప్పుడు తప్పేమీ కనిపించలేదు. ఇప్పటికీ పెద్ద తప్పని చెప్పను. టైపు డిజైను లేకపోతే ఊరికొక పెద్దమనిషి వచ్చి తన ఇంటి వాస్తు శ్మశానానికి కూడా పెట్టమంటాడు.

మోత్కూరు వైపు ఒక ఊళ్లో ప్రహరీకి పునాది తవ్వుతున్న రోజుల్లో సర్పంచ్ ఫోన్ చేశాడు.

"మేడం, బొమ్మల సారొచ్చి మన పని కాడ కూసున్నడు. కట్టుమంటలేడు, బందు వెట్టుమంటలేడు. ఎర్రటి పొడి పోసుకుంట తిరుగుతాండు. మేస్త్రి గాయన్నే చూసుకుంట నిలవడ్డడు. మీరు జర జల్ది రావాలె."

బొమ్మల సారు అంటే ఎవరో నాకు తెలుసు, చూడటమే తక్కువ. వాళ్ల నాయిన జడ్చర్లలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఈయన చిన్నప్పటి నుంచి బ్రష్షు పట్టి, తర్వాత పట్నంలో ఆర్కిటెక్టు చదువు చదివి, పెద్దవాళ్లకు పెద్ద ఇళ్లు గీసి, ఒకనాడు అవన్నీ వదిలేసి వచ్చాడు. ఎందుకు వదిలేశారని నేను ఒకసారి అడిగాను. "ఇంట్ల ఇద్దరుంటే ఏడు బాత్రూములు గీసిన సాబ్. మనసు విరిగింది" అన్నాడు. అప్పటి నుంచి పాలమూరు, నల్గొండ పల్లెల్లో అంగన్వాడీలు, బడిపిల్లల మరుగుదొడ్లు, బస్సు షెడ్లు, ఎవరు అడిగితే వాళ్లకు గీసిచ్చేవాడు. కట్టడం అయ్యాక దాని గోడ మీద తనే బొమ్మలు వేసేవాడు. అందుకే ఆ పేరు. ఈ ఊళ్లో అంతకుముందు అంగన్వాడీ గీసిచ్చాడు, ఆ చనువుతో ఒక వార్డు మెంబరమ్మ పిలిస్తే వచ్చాడట.

నేను వెళ్లేసరికి ఎండ ముదిరింది. తెల్ల కుర్తా నిండా రంగుల మరకలు, తలకు తువ్వాలు, చేతిలో తట్ట. తవ్విన పునాది పక్కనే ఇటుక పొడితో నేల మీద గీతలు పోస్తున్నాడు. ఆయన పద్ధతి అది. కాగితం చూపిస్తే జనం అన్నింటికీ తల ఊపుతారని, కట్టబోయేదాన్ని అసలు కొలతల్లో నేల మీద గీసి, అందులో మనుషులను తిప్పేవాడు. గీత అంటే గోడ. వదిలిన జాగా అంటే తలుపు. ఎవరైనా మరిచిపోయి గీత దాటితే, "అరె, గోడలకెళ్లి వస్తున్నవేంది? తలుపు గాడుంది, తిరిగి రా" అని నిజంగానే కోప్పడేవాడు. అంగన్వాడీ కట్టేటప్పుడు తల్లులంతా ఒక పూటంతా ఆ గీతల మధ్య పిల్లలకు అన్నాలు పెట్టారట. వంటగది తలుపు ఎక్కడుండాలో వాళ్ల నడకే చెప్పిందట.

మరి ఇటుక పొడి ఎందుకంటే, మా దిక్కు ఇంటికి మేస్త్రి ముగ్గు పోశాడంటే అది ఖాయమైనట్టు. పోసిన ముగ్గు చెరపడం అరిష్టం. ఈయనేమో ఒక గోడను పది తావుల్లో పోసి పది తావుల్లో చెరిపేవాడు. మొదట్లో మేస్త్రీలు పని వదిలేసి పోయారట. "ఇది ముగ్గు కాదు, ఇటుక పొడి. చెరిపితే ఇటుకకేం కాదు" అని కొత్త శాస్త్రం చెప్పి వాళ్లను ఒప్పించాడు. శాస్త్రాలు అట్లాగే పుడతాయని నా అనుమానం.

"సార్, ఇది మంజూరైన పని. పునాది తవ్వడం కూడా అయింది. మీరిక్కడ కొత్త గీతలు గీస్తే నా ఉద్యోగం గీతలు చెరుగుతాయి" అన్నాను.

ఆయన నన్ను ఎప్పుడూ మేడం అనలేదు. "ఇంజినీర్ సాబ్, మీ గోడ మంచిగనే ఉంటది. ఒక్కటి చెప్పున్రి. గిది ఎవరి కోసం?"

"కుక్కలు రాకుండా. పందులు రాకుండా."

"బరాబర్. జానవర్ల బందోబస్తు అయింది. జర మనుషుల సంగతి గూడ చూద్దాం."

నాకు ఒళ్లు మండింది. ఈ సేవ చేసేవాళ్లతో వచ్చిన చిక్కే ఇది. వాళ్లకు పైనుంచి ఫోన్లు రావు, గడువు అనేది ఉండదు, తీరిగ్గా ఎదుటివాణ్ణి ఇరికించే ప్రశ్న వేసి నవ్వుతారు. గట్టిగానే ఏదో అనబోయాను. అంతలో ఆయన పక్కకు తిరిగి, "గా అమ్మను అడగున్రి" అన్నాడు.

ఊరి నుంచి కాటికి వచ్చే బాట పక్కన ఒక బండరాయి ఉంది. ఆ రాయి మీద వార్డు మెంబరమ్మ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. పత్తి చేన్లో నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నడుముకు చుట్టే ఉంది. ఆ రాయి దగ్గరే ఆ ఊరి దింపుడు కల్లం. పాడెను అక్కడ ఒకసారి కిందికి దించుతారు. పెద్దమనిషి వంగి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందేమోనన్న ఆశ. పలకకపోతే మళ్లీ ఎత్తుకుని పోతారు. ఆ ఊళ్లో ఆడవాళ్లు అక్కడిదాకానే వస్తారు. ఆ పైన మగవాళ్లే.

"మేడం, నా బిడ్డ డెంగీ జరంతోని దవాఖానల పోయింది," అందామె. గొంతులో ఏడుపు లేదు, చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు. "గీడిదాక వచ్చిన. గీ రాయి మీదనే కూసున్న. అప్పుడు గోడ లేకుండె. కట్టెల మీద పెట్టింది చూసిన, మా ఆయన అగ్గి వెట్టింది చూసిన, పొగ లేసింది చూసిన. ఎవ్వరు పొమ్మన్నా నేను పోలే. నా బిడ్డ ఒక్కతే పోలేదు, నా కండ్ల ముంగటనే పోయింది. గా ఒక్కటే నాకు మనసుకు నిమ్మళం. ఇప్పుడు గీడ గోడ లేస్తె ఏం గనవడతది? నన్ను కన్న మా అవ్వ ఉన్నది ఇంట్ల, మంచం పట్టింది. రేపో మాపో. దాన్ని గోడ ఎనకకు పంపి నేను గోడను చూసుకుంట కూసోవాల్నా?"

జవాబు సర్పంచ్ చెప్పాడు. "నీ బాధ నిజమే వదినె. కాని గీ బాటె బడికి పోయే బాట. పిల్లలు కాలేది చూస్తె జడుసుకుంటరు. వాళ్ల తల్లులే నన్ను గోడ గోడ అని సంపిండ్రు."

అదీ నిజమే. రెండూ నిజాలే అయినప్పుడు ఇంజనీరు చేసే పని ఒకటే, టైపు డిజైను వైపు చూడటం. నేనూ అదే చేశాను. కాగితం మడిచి, "పై సారుతో మాట్లాడి చెప్తాను" అన్నాను. అంటే మాట్లాడనని అర్థం. మీరు కూడా త్వరలోనే ఆ మాట నేర్చుకుంటారు.

బొమ్మల సారు మాత్రం నన్ను కదలనివ్వలేదు. "సాబ్, మాట్లాడేముందు ఒక్కసారి నడిచి చూద్దాం. ఇల్లు గడితె ఇంట్ల నడుస్తం. గిక్కడ పాడెతోని నడవాలె."

అక్కడే ఆయన బోల్తా పడ్డాడు. ఎన్నో ఊళ్లు తిరిగిన మనిషికి ఆ మాత్రం తోచకపోవడం నాకు విచిత్రమే. అంగన్వాడీ గీతల్లో అన్నాలు పెట్టడం వేరు. ఎవరూ చావకముందే పాడె కట్టి ఊరేగించమంటే ఏ ఊళ్లో ఎవడొస్తాడు? కూలీలు పారలు కింద పెట్టి దూరం జరిగారు. ఇద్దరు ముగ్గురు ముక్కు మీద వేలు వేసుకున్నారు.

"నేను పండుకుంట. మీరు మొయ్యున్రి," అన్నాడాయన.

సర్పంచ్ తండ్రి అక్కడే ఉన్నాడు. ఊళ్లో ఎవరు పోయినా చెవిలో పేరు పిలిచే పెద్దమనిషి ఆయనే. ఆయనకు కోపం వచ్చింది. "బతికున్నోడు పాడె మీద పండుడేంది సారూ? ఊరికి కీడు. అయినా మీ సాయబులల్ల పాడెనే ఉండదాయె. ఆగరాదు, ఎవరన్న పోయిననాడు చూసుకుందువు."

"చచ్చేదాక ఆగితే గోడ అయిపోతది పెద్దయ్యా."

ఆ చిక్కును విప్పింది మేస్త్రి. చెట్టుకు ఆనించిన నిచ్చెన చూపించాడు. "గిది పాడె అంతనే ఉన్నది. దీని మీద సిమెంట్ బస్తాలేసి మోద్దాం. గది మనం రోజు మోసేదే గద, కీడేముంది?" ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మా జనం కీడుకు భయపడతారు గాని, కీడుకు పక్కదారి చూపిస్తే చాలా సంతోషంగా నడుస్తారు.

అట్లా నిచ్చెన మీద బస్తాలు వేసి, నలుగురు కూలీలు భుజాలకు ఎత్తుకున్నారు. వెనక సర్పంచ్, మేస్త్రి, ఇంకొందరు. మెంబరమ్మతో పాటు పని దగ్గరున్న ఆడవాళ్లు రాయి దగ్గరికి చేరారు. నేనూ వాళ్ల పక్కనే నిలబడ్డాను, ఎండకు అక్కడే కాస్త నీడ ఉంది కనుక. నిచ్చెనను రాయి దగ్గర దించారు. పెద్దయ్య అలవాటు కొద్దీ వంగాడు. వంగినవాడు ఆగిపోయాడు.

"ఏం పేరని పిలుస్తవు పెద్దయ్యా, సిమెంటును?" అన్నది ఒకామె.

"మీద రాసి లేదా? నాకు సదువు రాదనుకున్నవా?" అని, పెద్దయ్య బస్తా మీది కంపెనీ పేరు మూడుసార్లు పిలిచాడు. సిమెంటు పలకలేదు. అందరూ పడీపడీ నవ్వారు, నేను కూడా. శ్మశానంలో అంత నవ్వు నేను మళ్లీ వినలేదు.

ఈలోగా బొమ్మల సారు ఇంకో పని చేయించాడు. వడ్లు ఆరబోసే పెద్ద టార్పాలిన్‌ను తెప్పించి, పునాది పొడవునా వెదురు కర్రలకు కట్టి, సరిగ్గా నా గోడ లేచే ఎత్తుకు పట్టించాడు. నిచ్చెన మళ్లీ భుజాలకెక్కింది. గేటు జాగాలో తిరిగింది. టార్పాలిన్ వెనక్కి పోయింది.

నవ్వు అక్కడితో ఆగిపోయింది.

అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మగవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. కనిపించేది మాత్రం నీలం టార్పాలిన్. మెంబరమ్మ కూర్చున్నచోటే మెడ సాచింది. తర్వాత లేచింది. తర్వాత ఆ రాయి మీదికెక్కి నిలబడింది. అప్పటికీ ఏమీ కనిపించలేదు.

"పోయిందా?" అని అడిగింది. ఎవరినో తెలియదు. "గింతేనా మేడం? ఇంక నాకు కనవడదా?"

ఆ పక్కన ఉన్నది సిమెంటు బస్తాలని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను కూడా మెడ సాచాను. మా బాపు పోయినప్పుడు కన్నకూతురినైన నన్ను వీధి మలుపు దగ్గర ఆపేశారు. అప్పటికే నేను ఇంజనీరును. నా సంతకంతో ఊరవతల గోడలు లేచేవి, నేను మాత్రం మలుపు దాటకూడదు. ఆ రోజు నేను గొడవ చేయలేదు, ఏడ్చి ఇంటికి తిరిగొచ్చాను. టార్పాలిన్ ముందు నిలబడేదాకా ఆ సంగతి మనసులో అట్లాగే మూలన పడి ఉందని నాకే తెలియదు.

పిల్లలూ, ప్లాను అనేది ఆకాశం నుంచి చూసినట్టు గీస్తాం కదా. అందుకే గీసేవాళ్లకు గోడకు రెండు వైపులా కనిపిస్తుంది. నేల మీద నిలబడ్డవాళ్లకు ఒక వైపే కనిపిస్తుంది. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న ఆర్కిటెక్చర్ అంతా ఇంతే.

తర్వాత జరిగింది మామూలు పని. ఆయన మెంబరమ్మను మళ్లీ రాయి మీద కూర్చోబెట్టాడు. ఒక తాడు తెచ్చి ఒక కొసను ఆమె కళ్ల దగ్గర పట్టుకోమని, రెండో కొసను గద్దె దాకా లాగించాడు. తాడు టార్పాలిన్‌ను ఎక్కడ తాకిందో అక్కడ సుద్దతో గీత పెట్టాడు. తర్వాత సర్పంచ్‌ను బడిపిల్లల ఎత్తుకు వంగమని చెప్పి బాట పొడవునా నడిపించాడు. సర్పంచ్ నడుం పట్టుకుని వంగి నడుస్తుంటే వాళ్ల నాయిన, "ఓట్లప్పుడు గూడ గింత వంగలేదు వీడు" అన్నాడు. రాయి బాట కన్నా కాస్త మిట్టన, ఒక పక్కకు ఉంది. అందుకని గోడలో ఒక ఎడ్లబండి పట్టేటంత మేర మాత్రం పొట్టిగా వదిలి, బాట వైపు అంచును కాస్త మలిస్తే, రాయి మీద కూర్చున్నవాళ్లకు గద్దె కనిపిస్తుంది, బాటన పోయే పిల్లలకు కనిపించదు. పైన ఇనుప ఊచలు పెడితే కుక్కలు దూకవు. ఇటుక పొడి ఎన్నోసార్లు చెరిగింది, ఎన్నోసార్లు పడింది. చివరికి మేస్త్రి దాని మీద నిజం ముగ్గు పోశాడు.

ఇక మిగిలింది మా పై సారు. ఫోన్లో చెప్తే, "డిజైన్ మార్చే అధికారం మనకెక్కడిదమ్మా?" అన్నాడు. మంచివాడే, కాని ఆడిట్ అంటే దెయ్యం కన్నా ఎక్కువ భయం. నేను ఒకరోజంతా ఆలోచించి, మర్నాడు, "మార్చట్లేదు సార్. డిజైన్‌లో గేటు ఉంది కదా, రెండో గేటు పెడుతున్నాం. కాకపోతే అది తెరుచుకోదు" అన్నాను. ఈ మాట విని బొమ్మల సారు నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. "సాబ్, మీరు నాకన్నా పెద్ద కళాకారులు" అన్నాడు. నా సర్వీసులో నాకు దొరికిన ఒకే ఒక అవార్డు అది.

తనిఖీకి వచ్చినప్పుడు పై సారు ఆ ఊచల ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇదేం గేటమ్మా, గడియ లేదు?"

"లోపలివాళ్లు బయటికి రారు సార్. బయటివాళ్లు లోపలికి పోతామని తొందరపడరు. గడియ ఎందుకు?"

ఆయన నా వైపు చూశాడు. రాయి మీద కూర్చున్న ఆడవాళ్ల వైపు చూశాడు. ఇంకేమీ అడగకుండా కారెక్కాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన తల్లి పోయి ఎన్నాళ్లో కాలేదని.

ఇక్కడితో ఆపితే బొమ్మల సారు మరీ మహాత్ముడైపోతాడు. ఆయన చేసిన ఘనకార్యం ఇంకొకటుంది. కట్టడం అయ్యాక షెడ్డు గోడ మీద బొమ్మ వేస్తానన్నాడు. వేశాడు. ఎంత బాగా వేశాడంటే, ఆ నిచ్చెన, ఆ బస్తాలు, మోసిన కూలీలు, వంగి పేరు పిలుస్తున్న పెద్దయ్య, అందరూ అచ్చంగా దిగిపోయారు. సంబరపడతారని ఊరంతటినీ పిలిచాడు. పెద్దయ్య గోడ మీద తనను తాను చూసుకుని వణికిపోయాడు.

"ఏం పాపం జేసిన్నయ్యా నీకు? బతికుండంగనే నన్ను కాటిల నిలవెడ్తివి."

కూలీల భార్యలు శాపనార్థాలు మొదలుపెట్టారు. మనుషులను అంత బాగా చూసే మనిషికి, బతికున్నవాళ్ల బొమ్మ శ్మశానం గోడ మీద వేయకూడదని తోచలేదు. నిచ్చెన పాఠం గోడ తడి ఆరకముందే మరిచిపోయాడు. నేను ఎత్తిపొడుద్దామనుకున్నాను గాని, ఆయన మొహం చూసి ఊరుకున్నాను. ఆయన సున్నం కలుపుకుని, తన బొమ్మను తన చేత్తోనే కొట్టేశాడు. పెద్దయ్య దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకుని మాఫీ అడిగాడు. తర్వాత ఆ గోడ మీద తంగేడు పూలు, గునుగు పూలు వేశాడు. పూలకు కీడు లేదు.

మరుసటి చలికాలంలో పెద్దయ్య పోయాడు. ఆ పొట్టి గోడ అసలు పనికి వచ్చింది ఆ రోజే. నేను, బొమ్మల సారు ఇద్దరం వెళ్లాం. పెద్దయ్య భార్య రాయి మీద కూర్చుంది. మెంబరమ్మ ఆమె భుజం పట్టుకుని పక్కనే కూర్చుంది. ఊచల్లోంచి అంతా కనిపించింది. ముసలామె పొగ లేచేదాకా కళ్లు తిప్పలేదు. తర్వాత, "పోయిండు. మంచిగ పోయిండు" అని లేచింది. పన్నెండో రోజు అయ్యాక సర్పంచే జడ్చర్లకు ఫోన్ చేశాడట. "సార్, నాయిన బొమ్మ మల్ల ఎయ్యున్రి. ఇప్పుడేం కీడు లేదు." తంగేడు పూల మధ్య పెద్దయ్య ఇప్పటికీ వంగి పిలుస్తూనే ఉంటాడు. ఎదురుగా బస్తా మాత్రం లేదు.

నేను రిటైరయ్యాను. మెంబరమ్మ వాళ్ల అవ్వ కూడా పోయింది, ఆమె అనుకున్నట్టుగానే సాగనంపింది. బొమ్మల సారు పండుగలకు ఫోన్ చేసి, "ఇంజినీర్ సాబ్, తెరుచుకోని గేటు ఎట్లుంది?" అని అడిగేవాడు. ఒకరోజు పొద్దున్నే అదే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది వాళ్ల తమ్ముడు. తెల్లవారుజామున గుండె ఆగిందని, సాయంత్రం నమాజు తర్వాత మట్టి అని చెప్పాడు.

మెంబరమ్మకు చెప్తే, "నేనొస్త" అంది. మోత్కూరు నుంచి నల్గొండకు వచ్చింది. కిరాయి కారు మాట్లాడుకుని దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరేసరికి ఆయన్ని మోసే జనాజా అప్పటికే ఇంటి నుంచి లేచింది. మేము దాని వెనకే నడిచాం. ఎవరూ వద్దనలేదు. కబరస్తాన్ గేటు దగ్గర వాళ్ల తమ్ముడు వెనక్కి తిరిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, అంత దూరంకెళ్లి వచ్చిన్రు. మా తాన ఆడోళ్లు గీడిదాకనే. బురా అనుకోకున్రి."

"మా తాన గూడ గంతే బిడ్డా. నువ్వు పో, అన్న కాడ ఉండు," అంది మెంబరమ్మ.

గేటు మూసుకుంది. మేమిద్దరం గోడ పక్కన నిలబడ్డాం. కొత్త గోడ, ఇంకా ఒక కొసన పని నడుస్తోంది. లోపల అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మగవాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. ఏమీ కనిపించడం లేదు. చెయ్యి పైకెత్తి చూశాను, నా వేళ్ల కొసలు మాత్రమే అంచుకు అందాయి. ఆ ఎత్తు నాకు కొత్త కాదు. ఎన్నో ఊళ్లలో నేను సంతకం పెట్టిన టైపు డిజైను ఎత్తు.

"గిది ఎవరు కట్టిండ్రు మేడం?" అని అడిగింది మెంబరమ్మ.

"ఎవరో నాలాంటి ఇంజనీరే."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఎంత పోట్లాడినా, నాతో మాట్లాడిన మనుషుల్లో నా ఉద్యోగాన్ని ఆయనంత గౌరవంగా చూసినవాళ్లు లేరు. ఆయన్ని కడసారి చూసుకోవడానికి ఒక ఎడ్లబండి వెడల్పు జాగా లేకపోయింది.

మెంబరమ్మ నా పక్కన లేదు. చూస్తే, గోడ పని కోసం దించిన ఇటుకల కుప్ప దగ్గర వంగి ఉంది. కొంగు నడుముకు చుట్టి, ఇటుకలు తెచ్చి గోడ మొదట్లో ఒకదాని మీద ఒకటి పేర్చుతోంది. నేను కళ్లు తుడుచుకుని నాలుగు ఇటుకలు అందించాను. ఇద్దరం నిలబడేంత పేర్చి, ఆమె ముందు ఎక్కింది. గోడ అంచు మీద గడ్డం ఆనించి కాసేపు చూసింది. తర్వాత నా వైపు చెయ్యి చాపింది.

"ఎక్కు మేడం. మంచిగ కనవడతాండు."